తొమ్మిది కాదు, ఇరవై ఏడు

నీలమ్మ పన్నెండేళ్లు షూటింగుల్లో కంటిన్యుటీ రాసింది. హీరో చొక్కాకు పై గుండీ పెట్టి ఉందా, గ్లాసులో టీ ఎంత మిగిలింది, అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. తర్వాత ఫిల్మ్‌నగర్‌లో సినిమా టిక్కెట్లమ్మే కంపెనీలో ఫోన్లెత్తే పనికి చేరింది. పక్క గదిలో సర్వర్లు చూసేవాళ్ల వెనక నిలబడి, అడిగి, తిట్లు తిని పని నేర్చుకుంది. నలభై నాలుగేళ్లొచ్చేసరికి ఆ సర్వర్లన్నీ ఆమె చేతికొచ్చాయి.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే: సర్వర్ల మీద ఎవరూ చేత్తో ఏదీ మార్చకూడదు. కంపెనీ సైటు కంటైనర్లనే చిన్న చిన్న పెట్టెల్లో నడుస్తుంది. జనం పెరిగేకొద్దీ పెట్టెలు ఎక్కువ కావాలి. ఎన్ని నడవాలో ఒక ఫైల్లో రాసి ఉంటుంది. ఆ ఫైలు గిట్ అనే మార్పుల చిట్టాలో ఉంటుంది కాబట్టి ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెరిగిపోదు. నీలమ్మ రాస్తే మేనేజరు అప్రూవ్ చెయ్యాలి. ఎవరైనా చాటుగా మార్చినా, కాపలా ప్రోగ్రాం ఒకటి నిమిషాల్లో ఫైల్లో ఉన్నట్టే సరిచేస్తుంది.

ఆ బుధవారం ఒక పెద్ద సినిమాకు బుకింగ్ పదకొండూ ఏడుకు తెరిచారు. నిర్మాత పెట్టించిన ముహూర్తం అది. ఫైల్లో ఉన్నవి ఇరవై నాలుగు కంటైనర్లు. రెండు నిమిషాల్లో సైటు పడిపోయింది. నీలమ్మ చూసేసరికి నడుస్తున్నవి తొమ్మిదే, కాపలా ఆపేసి ఉంది. ఆమె దాన్ని మళ్లీ నడిపించింది. ఇరవై నాలుగూ లేచాయి, సైటు నిలబడింది. అప్పటికే ఊరంతా కంపెనీని తిట్టిపోస్తోంది.

కాపలా ఆపింది మేనేజరు రాఘవేంద్ర. పొద్దున జూబ్లీహిల్స్‌లో నిర్మాత ఇంటికి వెళ్తే, అక్కడి సంఖ్యాశాస్త్రం పెద్దమనిషి కంటైనర్ల లెక్క విని, ఇరవై నాలుగులో అంకెలు కలిపితే ఆరొస్తుందనీ, హీరోకు ఆరు పడదనీ, తొమ్మిది కావాలనీ చెప్పాడట. రాఘవేంద్ర కారులోనే ల్యాప్‌టాప్ తెరిచి తొమ్మిది చేశాడు. అది పదేపదే ఇరవై నాలుగవుతుంటే విసుగొచ్చి కాపలానే ఆపేశాడు. ప్రతి మీటింగులో క్రమశిక్షణ మీద గంటసేపు మాట్లాడేది ఈయనే.

చేత్తో చేసిన పని గిట్‌లోకి ఎక్కదు. అందుకే ఆయన నీలమ్మను పక్కకు పిలిచి, తొమ్మిదని ఆమే రాసినట్టు నిన్నటి తేదీతో గిట్‌లో ఒక కమిట్, అంటే మార్పు నమోదు, పెట్టమన్నాడు.

"పొరపాటున పడిందని రాయండి నీలమ్మగారూ. మీరంటే పైవాళ్లకు అభిమానం, ఏమీ అనరు."

ఆమె గొంతు తగ్గించలేదు, అందరికీ వినబడేట్టే మాట్లాడింది. "నా పేరు మీద అబద్ధం రాయమంటున్నరా సార్? తొమ్మిదే కావాలంటే నన్నొక్క మాట అడగకపోయిన్రా? ఇరవై ఏడు పెడుతుంటి. రెండు, ఏడు కలిపితే తొమ్మిదే గద. మీ లెక్కలాయన ఖుష్, జనానికి టికెట్లు."

ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. రాఘవేంద్ర మొహం కందిపోయింది. సాయంత్రం నాలుగూ అయిదుకు రెండో విడత బుకింగ్ ఉంది, నిర్మాత ఇంకా తొమ్మిదే అంటున్నాడు. సరే, ఆ ఇరవై ఏడే పెట్టమన్నాడు రాఘవేంద్ర.

నీలమ్మ పెట్టింది. కారణం రాయాల్సిన చోట ఇలా రాసింది: "పొద్దున రాఘవేంద్రగారు కాపలా ఆపి, ఫైలు ముట్టకుండా 24ను 9 చేశారు. సైటు 11:09కి పడింది. అంకె తొమ్మిదే కావాలన్నారు కాబట్టి ఇప్పుడు 27."

మొదటి రెండు వాక్యాలు తీసెయ్యమని ఆయన రెండుసార్లు కబురు పంపాడు. మూడోసారి తనే వచ్చి, ఇంత పట్టుదల దేనికండీ, ఉద్యోగం చేసుకోవాలని లేదా అన్నాడు.

"గిదే నా ఉద్యోగం సార్. అప్రూవ్ ఒత్తితే ఒత్తుండ్రి, లేకుంటే ఇరవై నాలుగుతోనే తెరుద్దం. ఆరు ఎందుకొచ్చిందో నిర్మాతకు మీరే చెప్పుండ్రి."

నాలుగుకు రెండు నిమిషాల ముందు ఆ కమిట్ కింద అప్రూవ్ చేసినట్టు రాఘవేంద్ర పేరు పడింది, ఒక్క అక్షరం మారకుండా.