పెద్ద ఈరన్న పుల్లనీళ్లు

ప్రొద్దుటూరులో మా ఎదురింటి పెద్ద ఈరన్న బతుకంతా కంసాలుల చెత్తతోనే గడిచింది. వాళ్ల కుంపటి బూడిద, అంగళ్లలో ఊడ్చిన దుమ్ము గంపలకెత్తుకొచ్చి, నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన బంగారు నలుసుల్ని తేజాబు ఆమ్లంలో వేసి శుద్ధి చేసేవాడు. ఒళ్లు కడుక్కోవడం మాత్రం ఆయనకు పండగనాటి పని.

మిగిలిన తేజాబు నీళ్లు వీధిలోకి పారబోసేవాడు. అప్పుడే పాకడం నేర్చిన మా పాప సరిగ్గా ఆ తడివైపే పోయేది. రసాయనశాస్త్రం చదివిన పాపానికి, ఆ ఆమ్లం చర్మాన్ని ఏం చేస్తుందో నాకు బాగా తెలుసు.

ఆ వేసవి పెన్న ఎండింది. ఇసుకలో చెలమ తవ్వి కడవ నింపేసరికి ఆడవాళ్లకు సగం పూట గడిచిపోయేది. ఈరన్న భార్య సిద్దమ్మ ఒకరోజు కడవ దించి తేల్చేసింది.

"తాగను నీళ్లు తెస్తా. నీ బూడిదకు చుక్క తేను. ఇంకో మాటంటే మాయమ్మోళ్లింటికి పోతా."

"బూడిద కడక్కపోతే తినేదేందే?"

"ఆ బూడిదే తిను."

ఈరన్న నా దగ్గరికొచ్చాడు. "ఏమప్పా, సదువుకున్నోడివి. ఆ పుల్లనీళ్లతోనే మళ్లా బూడిద కడగచ్చునా?"

"చేతులు కాల్తాయి. ముందు పులుపు చావాల" అన్నాను.

నిలవ ఉంచితే అదే చస్తుందనుకున్నాడాయన. మా వైపు గడప నుంచి నీళ్ల గాబుదాకా అన్నీ నాపరాయే గనక, అలవాటుగా నాపరాళ్లతోనే తొట్టి కట్టి, పుల్లనీళ్లన్నీ అందులో పోశాడు.

తొట్టి బుసబుసా పొంగింది.

"ఓయబ్బో, మంట లేకనే ఉడుకుతాండాయే!" అని సిద్దమ్మ కేక పెట్టింది. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకోమన్నారు చూడవచ్చినవాళ్లు. తెల్లారేసరికి రాళ్లు సొట్టలుపోయి సందుల్లోంచి నీళ్లు కారాయి. ఈరన్న తొట్టిని, రాళ్లు కోసినవాణ్ణి, వాడి నాయన్ను వరసపెట్టి తిట్టాడు.

నేను పాపను చంకనేసుకుని పోయి, కారిన నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచాను. రంగు మారలేదు. నాపరాయంటే సున్నపురాయే, ఆమ్లం రాయిని తింటూ తానే చచ్చింది. బంగారంలో కలిసిన రాగి ఆకుపచ్చటి మడ్డిగా అడుగున దిగింది.

"కడగను పనికొస్తాయి. తాగద్దు" అన్నాను.

సిద్దమ్మ నమ్మలేదు. మొగుడివైపు తిరిగింది. "అంత మంచివైతే ముందు నువ్వు పోసుకో."

ఈరన్నకు పని పోవడమా, స్నానం చెయ్యడమా అన్నది చిన్న చిక్కు కాదు. కాసేపు ఆలోచించి, గోచీ బిగించి, కళ్లు మూసుకుని మడ్డితో సహా పోసుకున్నాడు. తోలు ఊడలేదు. తెల్లమీసం మాత్రం పచ్చబడింది.

"చిలకమాదిరుండావు" అని సిద్దమ్మ పుట్టింటి మాట మానుకుంది.

అప్పటినుంచి ఓటికుండలో నాపరాతి ముక్కలు నింపి, వాటిమీద పుల్లనీళ్లు పోసి, కిందికి కారిన నీళ్లనే బూడిద కడగను తిప్పి తిప్పి వాడాడు. ఆ ముక్కల కోసం మొదట తొట్టి పగిలింది, తరవాత వాళ్ల గడప, ఆపైన సిద్దమ్మ బట్టలుతికే బండ.

ఒకనాడు మా వాకిట్లో నిలబడి, "మీ గడపరాయి శానా మందంగా ఉండాదప్పా" అన్నాడు.

పాపను ఒళ్లో పెట్టుకుని, ఆ రాయిమీదే కూర్చున్నాను.