వదిన రాయించిన మూడో అర్జీ

మొన్న మా మనవరాలు ఫోన్ నా చేతిలో పెట్టి, ఎక్కడో అడవి కొట్టేయకూడదనే అర్జీకి నా పేరు చేర్చమంది. వేలు ఆనిస్తే సరిపోయింది. అందులో ఏముందో చదివానో లేదో నాకే గుర్తులేదు. తొంభైల నడిమి సంవత్సరాల్లో మా వదిన ఒక్క అర్జీ పట్టుకుని సంతకాల కోసం దాదాపు ఏడాది తిరిగింది. మూడుసార్లు రాయించింది. మూడుసార్లూ టైపు కొట్టింది నేనే.

నర్సీపట్నంలో అప్పట్లో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. వదిన రోలుగుంట దారిలో ఒక ఊళ్లో మిషన్ బడి టీచరు. ఆ ఊరి కొండ మీద రాళ్ల క్వారీ మొదలయ్యాక, మధ్యాహ్నం పేలుడు వినబడగానే పిల్లలు పలకలు నెత్తిన పెట్టుకుని బల్లల కింద దూరేవారట. కొండ మీంచి వాగులా దిగే గెడ్డ నీళ్లే ఊరంతటికీ ఆధారం. అవి బూడిదరంగుకి తిరిగాయి. పేలుళ్లు గెడ్డ పుట్టే వైపుకి జరుగుతున్నాయని తెలిశాక, క్వారీ మూసేయాలని వదిన మొదటి అర్జీ రాసింది. నేను కొట్టిన కాగితం మీద ఎర్రసిరాతో తప్పులు దిద్ది, పదికి ఆరు మార్కులు కూడా వేసింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో పది సంతకాలు వచ్చాయి, అక్కడితో ఆగిపోయింది. రెండో అర్జీలో ఒక లాయరుగారి మాటలు చేర్చాం. అది ఎవరికీ అర్థం కాలేదు, టైపు కొట్టిన నాతో సహా.

ఆ కాగితం పట్టుకుని వదిన గెడ్డ దగ్గర బట్టలుతికే ఆడవాళ్ల మధ్యకి వెళ్లింది. ఒక క్వారీ కూలీ భార్య చేతిలో బట్ట ఆపకుండానే అడిగిందట: “టీచరమ్మా, క్వారీ మూసేస్తే మా ఇంట్లో పొయ్యి ఎవులు ఎలిగిస్తారు?” వదిన కాగితం మడుచుకుని ఇంటికొచ్చేసింది. మర్నాడు మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లి, “అయితే ఏటి రాయాలో నువ్వే చెప్పమ్మా” అంది.

“ముందు మా ఆయన దగ్గు సంగతి రాయండి. దుమ్ము లెగకుండా నీళ్లు కొట్టమనండి. గెడ్డ పక్క కొండ ముట్టుకోవద్దనండి. మూసెయ్యమని మాత్రం రాయకండి.”

“మరిదిగారూ, బేగి కొట్టండి, ఆవిడ మనసు మారకముందే” అంది వదిన. మూడో అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆమెదే. వారం తిరక్కుండా ఆమె భర్తని పనిలోంచి తీసేశారు. ఆ రోజు వదిన అన్నం తినలేదు. అర్జీ చించేస్తానని వాళ్లింటికి వెళ్తే, ఆమె కాగితం లాక్కుని, “మరి నాను ఏసిన ముద్ర ఏటయిపోద్ది?” అందట. ఆ కాగితంతో కూలీల ఇళ్లన్నీ తనే తిరిగింది. టీచరమ్మకి ఇవ్వని సంతకాలు ఆమెకి ఇచ్చారు. ఒక సోమవారం ఒక్కరూ పనిలోకి వెళ్లలేదు. మంగళవారం ఆమె భర్తకి మళ్లీ పనిలోకి రమ్మని కబురొచ్చింది.

అర్జీ పంపాక అధికారులు రావడానికి ఇంకో ఏడాది పట్టింది. బడి ఆవరణలో మీటింగు పెట్టారు. వదిన మాట్లాడుతుందని అందరూ అనుకున్నారు. తను వెనక బల్ల మీద కూర్చుంది. లేచింది ఆ ఇల్లాలే, భర్తని పక్కన నిలబెట్టుకుని. “ఈయన్ని ఒక్కసారి గట్టిగా ఊపిరి తియ్యమని సెప్పండి బాబూ. నాను మాట్లాడక్కర్లేదు” అంది. ఆయన ఊపిరి తీశాడు. ఆ దగ్గు ఆగేదాకా అధికారి కలం కదల్లేదు.

గెడ్డ వైపు పేలుళ్లు ఆగాయి. దుమ్ము మీద నీళ్లు కొట్టడం మొదలైంది. రెండో వైపు కొండ మాత్రం ఏటేటా తరిగిపోయింది. ఆయన దగ్గూ తగ్గలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి పోయాడు. గెలిచామా అని అడిగితే వదిన “సగం” అని, పిల్లల నోటుబుక్కులు దిద్దుకోవడంలో పడింది.

వదిన పోయాక ఒకసారి ఆ ఊరు వెళ్లాను. గెడ్డలో నీళ్లు తేటగా ఉన్నాయి. ఇవి ఎలా నిలిచాయో తెలుసా అని అక్కడున్న కొత్త కోడళ్లని అడిగాను. “ఎప్పుడూ ఉన్నవే కదండీ!” అన్నారు. ఒకరు పట్టుబట్టి నిలబెట్టినదాన్ని, ఎప్పుడూ ఉన్నదే అనిపించడానికి కాలానికి పాతికేళ్లు కూడా అక్కర్లేకపోయింది.