ముగ్గురి ప్రాణాల మీద కౌలు

నేను చదవడం నేర్చుకున్నది యాభై దాటాక. ఎనభైల మొదట్లో అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో నా కూతురి దగ్గర ఉండేదాన్ని. తను ఆసుపత్రిలో నర్సు. తను డ్యూటీకి వెళ్ళాక, కింది అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే ముసలావిడకి పగలంతా తోడుండేదాన్ని. ఆవిడ ఐరిష్ వాళ్ళ మనిషి. చూపు దాదాపు పోయింది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ మాటకి అర్థం చెప్పాక ఇంకో రకంగా పిలవనివ్వలేదు.

తెలుగు అక్షరాలు నాకు కూతురే నేర్పింది. ఇంగ్లీషు లైబ్రరీలో పెద్దవాళ్ళ క్లాసులో వచ్చింది. అయితే నా చదువంతా నోటితోనే. ఒక్కో మాటా కూడబలుక్కుని పైకి అనాలి. అన్నాక కాసేపటికి అర్థం వస్తుంది. “ముందు లైనంతా కళ్ళతో చూసుకోవే అమ్మా” అని కూతురు విసుక్కునేది. అది నాకు చేతకాలేదు.

పెద్దమ్మకి ఒకటే పట్టుదల. ఆవిడ తాత కుర్రతనంలో ఐర్లండు నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడ రైలు పట్టాల పనిచేసి, ఈవిడకి పదేళ్ళొచ్చేదాకా వీళ్ళ వంటింట్లో పొయ్యి పక్కనే కూర్చుని బతికాడు. ఊరి నుంచి ఒక్క ఉత్తరం రాలేదని చివరిదాకా తల్లిని తిట్టుకున్నాడట. తినే నోరు ఒకటి తగ్గిందని తనని మరిచిపోయారు అనేవాడట. అది నిజమో కాదో తను పోయేలోగా తెలియాలని ఆవిడ కోరిక.

పుట్టుకలూ చావులూ రాసిపెట్టే చర్చి పుస్తకాల్లో ఏమీ దొరకలేదు. పేదవాళ్ళ పేర్లు జమీందారు ఎస్టేటు కాగితాల్లో ఉంటాయి, ముందు ఆ ఊరు ఏ జమీందారుదో కనుక్కోండి అని లైబ్రరీలో ఒకామె చెప్పింది. అది తెలియడానికే ఏడాది పట్టింది. తరవాత ఐర్లండులో ఇలాంటివి వెతికిపెట్టే ఒకాయనకి రాశాం. ఆయన పాత చేతిరాతని టైపు కొట్టి పంపించాడు. కవరు ఫిబ్రవరిలో వచ్చింది.

వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొదలుపెట్టాను. మొదటి కాగితం కౌలు పత్రం. కౌలు ఇన్నేళ్ళని కాదు, ముగ్గురి ప్రాణాల మీద రాశారు. తండ్రి, పెద్దకొడుకు, రెండేళ్ళ చిన్నకొడుకు. ఆ ముగ్గురిలో ఒక్కరు బతికున్నా ఇల్లూ పొలమూ వాళ్ళ చేతిలోనే ఉంటాయి.

“రెండేళ్ళవాడంటే మా తాతే!” అంది పెద్దమ్మ.

“పసివాడైతే ఎక్కువకాలం బతుకుతాడని రాయించుకున్నట్టున్నారు” అన్నాను. “మావైపైతే పిల్లాడికి దగ్గొచ్చిందా అని జమీందారు రోజూ మనిషిని పంపేవాడు.”

ఆవిడ పడీపడీ నవ్వింది. “చదువు, చదువు” అంది.

రెండో కాగితం ఎస్టేటు ఏజెంటు రాసుకున్నది. తండ్రి జ్వరంతో పోయాడు. పెద్దకొడుకు పోయాడు. నేను అదే గొంతుతో, ఒక్కో మాటా విడగొట్టుకుంటూ సాగిపోయాను. చిన్నకొడుకు అమెరికాలో. ఏడేళ్ళుగా బతికున్న ఆనవాలు లేదు. కొడుకు రాసిన ఒక్క ఉత్తరమూ తల్లి చూపలేకపోయింది. చట్టప్రకారం చనిపోయినట్టే. కౌలు చెల్లిపోయింది. ఇల్లు కూల్చాం. తల్లి వానలో రెండు రాత్రులు ఆ గోడల దగ్గరే కూర్చుంది. తరవాత పేదల ఆశ్రమానికి తీసుకుపోయారు, అక్కడే పోయింది.

అంతా అనేశాక అర్థం వచ్చింది. అప్పటికే ఆవిడ వినేసింది.

“బతికే ఉన్నాడు” అంది. “మా వంటింట్లో ఉన్నాడు.”

“పెద్దమ్మా, నేను తప్పు చదివుంటాను. మా అమ్మాయి వచ్చాక...”

“నువ్వు తప్పు చదవవు. నెమ్మదిగా చదువుతావు, అంతే.” మళ్ళీ తనే, “తాతకి రాయడం రాదు. ఇంకొకర్ని అడిగి రాయించుకోవాలంటే సిగ్గు” అంది.

ఆ సిగ్గు ఎలాంటిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సాయంత్రం కూతురు ఆ కాగితం చూసి తలపట్టుకుంది. “స్ట్రెయిట్‌గా చదివేశావా? కొంచెం చూసుకుని, మెల్లిగా ప్రిపేర్ చేసి చెప్పాలి కదమ్మా!”

“చూసుకోవడం నాకు వస్తే కదే.”

మర్నాడు పెద్దమ్మ మళ్ళీ చదవమంది. ఈసారి ఏముందో నాకు తెలుసు. తల్లి సంగతి రాగానే దాటేసి కాగితం మడిచాను.

“వదిలేశావు” అంది.

“అంతే ఉంది పెద్దమ్మా.”

“వానలో కూర్చుంది కదా. అది చదువు.”

చదివాను. ఆ వారమంతా రోజూ ఆ ఒక్క ముక్కే చదివించుకుంది. ఎనిమిదో రోజు నేను కవరు తియ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

“తాత వాళ్ళమ్మని తిడుతుంటే ఆయన ఒళ్ళో కూర్చుని నేనూ తిట్టేదాన్ని. తాత నవ్వుతాడని ఇంకా పెద్దగా తిట్టేదాన్ని. ఆవిణ్ణి” అంది.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.