లక్ష్మివారం అతిథి

మొన్న మా మనవరాలు తమ ఆఫీసువాళ్ల సేవాసంఘం మధ్యాహ్న భోజన సమావేశానికి నన్నూ వెంటబెట్టుకుపోయింది. ముఖ్య అతిథి రాలేదు. ఎక్కడో కూర్చుని తెర మీద కనిపించి, అక్కడి నుంచే ఉపన్యాసం ముగించాడు. ఆయన కోసం వేసిన కుర్చీ భోజనాలు అయ్యేదాకా ఖాళీగానే ఉంది. దాన్ని చూస్తూ నేను ముద్ద మింగలేకపోయాను. పళ్లు లేక అనుకుంది మా పిల్ల. దానికేం తెలుసు పాపం.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. కృష్ణా జిల్లా నుంచి నంద్యాల హైస్కూలుకు వచ్చిన కుర్ర మేష్టర్ని నేను. పెళ్లి కాలేదు, ఊళ్లో చుట్టమన్నవాడు లేడు. గదిలో నేనే వండుకుని నేనే తినేవాణ్ణి. శనివారం బడి వదిలింది మొదలు సోమవారం గంట కొట్టేదాకా ఒక్క మాటైనా పెదవి దాటని వారాలున్నాయంటే మీరు నమ్మాలి. అలాంటివాణ్ణి, మా హెడ్మాస్టరుగారి తోడల్లుడైన పత్తి వ్యాపారి, తాము అధ్యక్షులుగా ఉన్న సేవాసంఘంలో ఉత్తరాలు రాసిపెట్టే కార్యదర్శిగా చేర్చుకున్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం వారి కొట్టు మీది మిద్దెలో భోజనాలు, ఆపైన ఎవరో ఒక అతిథి ప్రసంగం. ఒక్కో వారం ఒక్కో సభ్యుడి ఇంటి నుంచి వంటలు వచ్చేవి. సర్కారోడినంటూ నా కోస్తా యాసను వెక్కిరిస్తూనే, నా ఆకులో అడగకుండా నెయ్యి వేసేవారు. వారమంతా ఆ ఒక్క పూట కోసమే బతికేవాణ్ణి, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఆళ్లగడ్డ వైపు పత్తి బేరానికి వెళ్లివచ్చిన ఒక సభ్యుడు అక్కడి పల్లెలోని ఒక పెద్దాయన సంగతి చెప్పారు. భార్య పోయింది, పిల్లలు లేరు, రెండెద్దులతోనే ఆయన కాపురం. ఊరూరా తిరిగి పశువులకు నాటువైద్యం చేస్తారు. మందలకు మందల్ని ఊడ్చేసే పెద్దరోగం ఆ పక్క ఊళ్లలో కనిపించిందట. అది తన ఆకుపసర్లకు లొంగేది కాదనీ, సూదిమందు వేసే డాక్టరు వారానికోసారైనా వచ్చి కూర్చోవడానికి ఒక కొట్టం వేయించి పెట్టమని మా సంఘాన్ని అడగాలని ఉందనీ ఆయన అన్నారట. ఆ ఏడు చేయబోయే సేవ ఏదో తేల్చుకునేది కూడా ఆపై వారమే. సరేనని కార్డు నేనే రాశాను, వచ్చే లక్ష్మివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి నాలుగు మాటలు చెప్పమని.

గురువారం వచ్చింది, ఆయన రాలేదు. ఆకు వేసి చాలాసేపు ఎదురు చూశాం. మాట మీద నిలబడని మనిషికి మనమేం చేయగలమని అధ్యక్షులు విసుక్కుని, ఆ ఏటి సేవ బస్టాండులో బెంచీలేనని తీర్మానం రాయించారు. రాసింది కూడా నేనే.

మర్నాడు మధ్యాహ్నం ఆ తీర్మానాల పుస్తకం ఇవ్వడానికి మిద్దె ఎక్కితే, గోడవారగా ఆయన ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఉతికిన పంచె, కొత్త తలగుడ్డ. లక్ష్మివారం అని రాశాను కదండీ, మీరు నిన్న రావలసింది అన్నాను.

"ఈ పొద్దు లక్ష్మివారమే గదా అయ్యోరా? మా ఇంటామె ఉన్నన్నాళ్లూ శుక్రవారమే లక్ష్మికి దీపం పెడతాండె."

అప్పుడు తెలిసింది నాకు. మా వైపు లక్ష్మివారమంటే గురువారం. ఇక్కడ గురువారాన్ని బేస్తవారమంటారు. రోజూ చెవినబడే మాటే, బుద్ధి ఉండొద్దూ నాకు! తప్పు నాదేనని చెప్పబోయేలోగా ఆయనే తల అడ్డంగా ఊపారు.

"సదువుకున్నోరు మీరు తప్పు రాస్తారా. నాదే పొరపాటు. ఇంట్లో మనిషి లేనోడికి ఏ వారమైనా ఒగటే."

ఆ పొరపాటు ఆయనదిగానే ఉండనిచ్చాను. గదికి తీసుకుపోయి ఇంత అన్నం పెట్టాను. తిన్నాక ఆయన లేచి చేతులు కట్టుకుని, నిండు సభలో నిలబడినట్టు నిలబడి, చెప్పాలని వచ్చినదంతా నా ఒక్కడికే చెప్పారు. సంఘంవారికి చెబుతానని మాటిచ్చి బస్సెక్కించాను.

తరువాతి గురువారం అధ్యక్షులు, ఆ పెద్దమనిషి కబురేమైనా తెలిసిందా అని అడిగారు. చెబితే సర్కారోడికి వారాల పేర్లు కూడా రావని నవ్వుతారు. బెంచీల తీర్మానం తిరగరాయాలి. ఆపైన ఈ కార్యదర్శి మనకెందుకంటే, నా గురువారం నాకు పోతుంది. తెలియలేదండీ అన్నాను. నెయ్యి వేశారు, తిన్నాను.

ఆ ఎండాకాలం పెద్దరోగం ఆళ్లగడ్డ పల్లెల్లో పడింది. మళ్లీ బేరానికి వెళ్లివచ్చిన ఆ సభ్యుడే భోజనాల దగ్గర చెప్పారు, ముసలాయన ఎద్దులు రెండూ పోయాయని, ఎవరు పలకరించినా బదులు చెప్పడం లేదని. చెప్పి, ఇంకాస్త చారు పోయించుకున్నారు. చుట్టూ అందరూ ఉన్నారు. అంత ఒంటరితనం నా గదిలో ఏ ఆదివారమూ ఎరగను.

ఇప్పుడు లక్ష్మివారమూ లేదు, బేస్తవారమూ లేదు, అందరికీ థర్స్‌డేనే. పొరపాటు పడేవాళ్లే లేరు, మంచిదే. కానీ మన ఈడువాళ్లతో ఆ రెండు మాటలూ పోతాయనుకుంటే నాకు బెంగగానే ఉంటుంది. బదిలీ అయ్యేదాకా ఇంకా రెండేళ్లు నంద్యాలలోనే ఉన్నాను. ఆళ్లగడ్డకు రోజూ బస్సుండేది. ఎక్కి వెళ్లి, తప్పు నాది పెద్దాయనా అని ఒక్క మాట చెప్పలేదు. తన మతే తప్పిందనుకుంటూ ఆయన వెళ్లిపోయి ఉంటారు.