ఎల్మ్ చెట్టు ఉండే చోట ఎడమకి

వెర్లిన్ హాకెమేయర్ తన జన్మలో ఉన్న వస్తువును గుర్తుగా పెట్టి ఎవరికీ దారి చెప్పి ఎరగడు. లేనిదాన్ని పెట్టే చెప్తాడు.

"లైబ్రరీయా? ఏముంది, ఇరవై నిమిషాలు. ఇలా తిన్నగా వెళ్ళి, బూట్ల ఫ్యాక్టరీ ఉండే చోట కుడికి తిరిగి, ఎల్మ్ చెట్టు ఉండే చోట ఎడమకి తిరిగావంటే ఎదురుగా అదే."

బూట్ల ఫ్యాక్టరీ కాలిపోయి నలభై ఏళ్ళయింది. ఎల్మ్ చెట్టుకి తెగులొచ్చి డెబ్భై నాలుగులో కొట్టేశారు. ఆ రెంటికీ మధ్య ఉన్న పదకొండు అంతస్తుల బ్యాంకు వెర్లిన్ కంటికి ఆనదు. అది ఇంకా నిలబడే ఉంది కదా, దానికేం గౌరవం?

మా ఊరు ఫోర్ట్ వేన్‌లో, వంతెన పక్కన, అతనికి హార్డ్‌వేర్ కొట్టు ఉంది. మేకులు, తాళాలు, మంచు ఎత్తే పారలు అమ్ముతాడు. హైవే దిగితే మొదట తగిలే కొట్టు అదే గనక, ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి ప్రాణీ దారి అడగడానికి అక్కడే ఆగుతుంది. ఫోన్లలో మ్యాపులొచ్చాక ఈ పీడ విరగడవుతుందనుకున్నాను. కాలేదు. మాకు మూడు నదులు, వాటి మీద బోలెడు వంతెనలు, ఎప్పుడు చూసినా అందులో ఒకటి మరమ్మతులో ఉంటుంది. ఫోన్ చెప్పిన దారి నదిలోకి పోతుంది. వెర్లిన్ చెప్పిన దారి డెబ్భై నాలుగులోకి పోతుంది.

నేను ఇక్కడి ఒక చిన్న కాలేజీలో భూగోళం చెప్తాను. పటాలు నా బతుకు. అలాంటి నాకు ఇతను ప్రాణస్నేహితుడవడం, పళ్ళ డాక్టరుకి పీచుమిఠాయి వ్యాపారి బావమరిది అవడం లాంటిది.

దారి అడిగినవాడు తెల్లమొహం వేసేసరికి వెర్లిన్ ముఖం విప్పారుతుంది.

"ఎల్మ్ చెట్టు తెలీదా? అయ్యో! అయితే ఉండు, నేనే వస్తాను."

తలుపుకి ఒక అట్ట తగిలిస్తాడు: 'ఇరవై నిమిషాల్లో వస్తాను.' అతని భార్య డోరీన్ అంటుంది, "ఆ అట్ట మా పెళ్ళినాటిది. ఇరవై నిమిషాలు ఇంకా అవలేదు."

నేను ఈ ఊళ్ళో అడుగుపెట్టింది ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, ఒక జనవరిలో, పల్చటి వానకోటు వేసుకుని. అయిదు వీధుల అవతలున్న లాడ్జికి దారి అడిగాను. నాలుగు గంటలు పట్టింది. మధ్యలో వెర్లిన్ వదినగారు ఆర్లీన్ ఇంట్లో కాఫీ. అక్కణ్ణించి లూథరన్ చర్చి నేలమాళిగలో భోజనాలు. అక్కడ పేకాటలో నాలుగో చెయ్యి తక్కువైందని నన్ను కూర్చోబెట్టి యూకర్ నేర్పారు, ఓడించారు, తిట్టారు. పొద్దుగూకేసరికి చనిపోయిన ఎవరి మేనమామదో బొచ్చు కోటు నా ఒంటి మీదా, ఆర్లీన్ గారి మేడగది తాళంచెవి నా చేతిలో ఉన్నాయి. ఆ లాడ్జిని నేనివాళ్టికీ చూడలేదు. ఈ కథని ముప్ఫై ఏళ్ళుగా విందుల్లో వెర్లిన్ మీద ఫిర్యాదుగా చెప్పి అందర్నీ నవ్విస్తున్నాను.

అతని అరవయ్యో పుట్టినరోజుకి గోడంత పటం ఒకటి గీయించి ఇచ్చాను. ప్రతి వీధీ, ప్రతి సిగ్నలూ ఉన్న పటం. వారం తర్వాత వెళ్ళి చూస్తే దాని మీద ఎర్ర పెన్సిలుతో నూట నలభై చుక్కలున్నాయి. బూట్ల ఫ్యాక్టరీ, పాలడిపో, పిడుగుపడిన గుర్రాలశాల.

"ఇప్పుడు పూర్తయింది, ప్రొఫెసరూ," అన్నాడు ఎంతో ప్రేమగా. "పాపం, నీది సగంలో ఆపేశారు."

ఇదంతా వినోదంగానే ఉండేది, కిందటి అక్టోబరు దాకా.

కిందటి అక్టోబరుకి నా రిటైర్మెంటు దగ్గరపడింది. నా చోటికి ఎవరూ రాకపోతే భూగోళం విభాగం ఎత్తేస్తామనీ, పటాల గదిలో వ్యాయామ యంత్రాలు పెడతామనీ కాలేజీవాళ్ళు తేల్చేశారు. పిలిచిన నలుగురిలో ముగ్గురు మా ఊరి పేరు వినగానే మర్యాదగా రాలేమన్నారు. మిగిలింది బోస్టన్ నుంచి మైరా పెల్టియర్ అనే అమ్మాయి. ఉదయం విమానంలో వచ్చి, పదకొండింటికి ఇంటర్వ్యూ ఇచ్చి, సాయంత్రం అయిదింటికి వెళ్ళిపోతానంది. ఆమె కాదంటే నా పటాల మీద ఎవరో చెమటోడుస్తూ పరిగెడతారు.

పదకొండయింది. మైరా రాలేదు. పన్నెండయింది. డీన్ గారు తెర మీద చూపే తన బొమ్మల ప్రదర్శన మూడోసారి సర్దుకున్నారు. 'మన నగరం: చైతన్యానికి చిరునామా, అవకాశాల కూడలి.' కార్లు పెట్టుకోడానికి చోటున్న ఏ ఊరైనా తన గురించి ఇలాగే చెప్పుకుంటుంది. బల్ల మీద పళ్ళెంలో ఆఖరి డోనట్టు మిగిలింది. మా ఊళ్ళో ఆఖరి ముక్క ఎవరూ తినరు. దాన్ని సగానికి కోసి, సగం తీసుకుని సగం ఉంచుతారు. తర్వాతివాళ్ళు ఆ సగంలో సగం. ఒంటిగంటకి ఆ డోనట్టు చొక్కా గుండీ అంతయింది.

ఒంటిగంటా నలభైకి వెర్లిన్ ట్రక్కు గేటులోకి వచ్చింది. అందులోంచి మైరా దిగింది. చేతుల్లో సగం తిన్న 'షుగర్ క్రీమ్ పై' మిఠాయి, మోచేతికి ఎవరో అల్లిన మఫ్లర్, చెంపకి పిండి.

"క్షమించండి," అంది రొప్పుతూ. "ఇరవై నిమిషాలన్నారు."

డీన్ గారు చైతన్యానికి చిరునామా మొదలుపెట్టారు. ఆ పిల్ల బుద్ధిగా తలూపుతూ విన్నది. మధ్యలో పళ్ళెం ఆమె ముందుకొచ్చింది. నేను తల దించుకున్నాను. ఇక చూడలేను. ఇంటర్వ్యూ ముగియగానే ఎవరో ఆమెను విమానానికి తీసుకెళ్ళారు, నేను తిన్నగా వంతెన పక్క కొట్టుకి వెళ్ళాను.

"వెర్లిన్! నువ్వసలు మనిషివేనా?"

"ఏమైంది ప్రొఫెసరూ? కాఫీ తాగుతావా?"

"నీ కాఫీ నదిలో పొయ్యి! అయిదు మైళ్ళు! అయిదు మైళ్ళకి మూడు గంటలా? ముప్ఫై ఏళ్ళ నా విభాగాన్ని ఒక్క పూటలో ముంచేశావు. కాలేజీ ఇదీ అని చెప్పడానికి నీకు నోరు రాలేదా? వీధి పేరు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తెలుసా నీకు?"

అతను జవాబు చెప్పేలోగా తలుపు ధడాలున తెరుచుకుంది. ఎవరో పొరుగు రాష్ట్రం కుర్రాడు, ఎడమ కాలి చెప్పు కుడికి వేసుకుని ఉన్నాడు.

"సార్, ఆసుపత్రి! మా ఆవిడకి నొప్పులు... కార్లో ఉంది... వంతెన మూసేశారు..."

అయిపోయింది, అనుకున్నాను. ఎల్మ్ చెట్టు దగ్గర పురుడు.

వెర్లిన్ నోరు తెరిచాడు. "రెండో సిగ్నల్ దగ్గర కుడికి. మూడు వీధులు వదిలి ఎడమకి, మూల మీద పసుపు రంగు బంకుంటుంది. అక్కణ్ణించి మైలున్నర తిన్నగా. ముందు గేటు వద్దు, తూర్పు గేటు. ఏడు నిమిషాలు. నేను ఫోన్ చేసి చక్రాల కుర్చీ బయట పెట్టమంటాను. పరిగెట్టు!"

కుర్రాడు పరిగెట్టాడు. వెర్లిన్ ఫోన్ చేశాడు. పెట్టేశాడు.

"నీకు... ఉన్నవి కూడా తెలుసా?"

"పెళ్ళాం నొప్పులు పడుతుంటే షుగర్ క్రీమ్ పై ముక్క తినిపించమంటావేంటయ్యా?"

"మరి మైరాకి ఎందుకు చెప్పలేదు?"

వెర్లిన్ కౌంటరు తుడవడం మొదలెట్టాడు. అక్కడ దుమ్మేం లేదు.

"ఆ పిల్ల వచ్చి మొదట అడిగింది కాలేజీ ఎక్కడని కాదు. సాయంత్రం రద్దీలో ఇక్కణ్ణించి ఎయిర్‌పోర్టుకి ఎంతసేపని. ఉద్యోగం చూసుకోడానికొచ్చిన పిల్ల, ముందే పోయే దారి చూసుకుంటోంది. ఒంటరిగా ఊరికొచ్చినవాళ్ళకి దారి చెప్తే అక్కడికి వెళ్తారు, పని చూసుకుని పోతారు. ఇంకేముంది?" గుడ్డ మడతపెట్టాడు. "ఆర్లీన్‌ని చూపించాను. చర్చిలో ఆ పై మిఠాయికి పిండి కలిపింది. యూకర్‌లో మన లూథరన్లని ఉతికి ఆరేసింది. మేడగది కూడా చూసింది, నువ్వుండేదే. కిటికీలోంచి నది కనిపిస్తుందని చెప్పాను. నువ్వూ అప్పుడు ఆ కిటికీ దగ్గరే ఆగిపోయావు కదా."

నేనొచ్చిన ఆ రోజు నా జేబులో తిరుగు టిక్కెట్టు ఉందని నేనెవరికీ చెప్పలేదు. లాడ్జి గదిలో ఒక్కణ్ణీ పడుకుని ఉంటే తెల్లారి బస్సెక్కేసేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు విందుల్లో ఫిర్యాదుగా చెప్పి తిరిగింది దేన్నో ఇప్పుడర్థమైంది.

"అది సరే, నువ్వేమీ కంగారు పడకు," అన్నాడు వెర్లిన్. "వస్తుందిలే ఆ పిల్ల."

"నీకెలా తెలుసు?"

"ఆర్లీన్ ఇంట్లో ఆఖరి ముక్క మిగిలింది. సగం కోసుకుని సగం ఉంచింది. ఎవ్వరూ చెప్పలేదు, ప్రొఫెసరూ."

అప్పుడు గుర్తొచ్చింది. కాలేజీలో నేను తల ఎత్తేసరికి ఆ గుండీ అంత డోనట్టు అందులో సగమయి ఉంది.

వెర్లిన్ నన్ను కూర్చోబెట్టి తనూ కూర్చున్నాడు. కాసేపటికి రెండు చేతులతో మోకాళ్ళు చరిచి, మా ఊళ్ళో సెలవు తీసుకునేముందు అనే "సరే మరి" అన్నాడు. లోపల డోరీన్ ఇంకో కాఫీకి నీళ్ళు పెట్టడం వినిపించింది. ఆ 'సరే మరి' తర్వాత మరో గంట కూర్చున్నాను.

మూడో రోజున బోస్టన్ నుంచి ఉత్తరం. 'వస్తున్నాను. ఒక సందేహం. ఆ ఎల్మ్ చెట్టు కొట్టేసిన నెల ఎవరికైనా గుర్తుందా?'

ఇప్పుడు పటాల గది మైరాది. ఆమె విద్యార్థులు ఊళ్ళో లేనివాటి పటం గీస్తున్నారు. ఎర్ర చుక్కలు తొమ్మిది వందలు దాటాయి. మంగళవారాలు వెర్లిన్ వచ్చి తప్పులు దిద్దుతాడు. కొట్టు తలుపుకి అట్ట ఉండనే ఉంది.

మొన్న ఆదివారం మైరా తన కొత్త ఇంటికి భోజనానికి పిలిచింది. ఎలా రావాలని ఫోన్లో అడిగాను.

"చాలా తేలిక, సార్. పాలడిపో ఉండే చోట కుడికి, ఎల్మ్ చెట్టు ఉండే చోట ఎడమకి."

"అమ్మాయ్! ఆ చెట్టు కొట్టేసేనాటికి నువ్వు పుట్టనే లేదు. ఉన్నవేవైనా చెప్పు."

అవతల ఆమె వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలుసు.

"ఎల్మ్ చెట్టు తెలీదా, సార్? అయ్యో! అయితే ఉండండి, మేమే వస్తాం. ఇరవై నిమిషాలు."

కోటు వేసుకుని వరండాలో కూర్చున్నాను. తొందరేం లేదు కదా అని మళ్ళీ విప్పేశాను.