నలభై సెకన్ల వీడియోకు నేను పెట్టిన పేరు

మెట్రో స్తంభాలు సగం లేచి, అమీర్‌పేట రోడ్డు రేకుల అడ్డుగోడలతో రెండుగా చీలి ఉన్న రోజులవి. నేను తెనాలి వైపు నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోవడానికి వచ్చాను. కోర్సు అయిపోయి ఏడాది దాటినా ఉద్యోగం రాలేదు. చివరికి అక్కడే ఒక ఆన్‌లైన్ వీడియోల ఆఫీసులో చేరాను. నా పని టైటిళ్లు రాయడం. ఎవరో తీసిన వీడియో నా ముందుకు వస్తుంది. ఫోన్‌లో పైకీ కిందికీ జరిపేసుకుంటూ పోయే వాళ్ల వేలు అక్కడ ఆగి నొక్కేలా దానికి ఒక వాక్యం రాయాలి.

అది నాకు తొందరగానే పట్టుబడింది. అబద్ధం రాయకూడదు, నిజం మొత్తం చెప్పకూడదు. మా ఎడిటర్ హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాడు. రోజూ మా కుర్చీల వెనక నిలబడి స్క్రీన్లు చదువుకుంటూ వెళ్లేవాడు. "గిట్ల రాస్తే ఎవడు నొక్కుతడు? లోపట ఉన్నది బయటనే చెప్పేస్తే లోపటికి ఎందుకొస్తడు?" అని పక్కవాళ్లను కసిరేవాడు. నా దగ్గరికొచ్చేసరికి ఏమీ అనకుండా దాటిపోయేవాడు. ఆ ఏమీ అనకపోవడం కోసం రోజంతా కష్టపడేదాన్ని.

ఒకరోజు పదకొండున్నరకు వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ఎదుటి టీ కొట్టు దగ్గర నుంచి ఎవరో ఫోన్‌తో తీసింది. కోచింగ్ సెంటర్లు ఉండే పాత బిల్డింగ్. నాలుగో అంతస్తు కిటికీలోంచి ఒక అమ్మాయి బయటికి దిగి, కింది కిటికీకి పైన ఎండ పడకుండా ఉండే సన్నటి సజ్జ మీద నిలబడి ఉంది. కింద జనం అరుస్తున్నారు. ఆ అమ్మాయి వంగింది, లేచింది, గోడ పట్టుకుంది. అక్కడితో వీడియో ఆగిపోయింది. మొత్తం నలభై సెకన్లు.

ఎడిటర్ నా వెనకే ఉన్నాడు. "తొందరగా రాయి. వేరేటోళ్లకు సుత వచ్చి ఉంటది" అన్నాడు.

రెండు నిమిషాల్లో రాశాను: "ఉద్యోగం రాలేదని... అమీర్‌పేటలో ఈ అమ్మాయి ఏం చేయబోయిందో చూడండి!"

ఉద్యోగం రాలేదని ఆ వీడియోలో ఎవరూ అనలేదు. అమీర్‌పేటలో సజ్జ మీద నిలబడిన అమ్మాయికి వేరే కారణం ఏముంటుందని నాకు నేనే అనుకున్నాను. నాకూ రాలేదు కదా, అందుకే ఆ మాట అంత సులువుగా వచ్చిందేమో. ఎడిటర్ చదివి, నా భుజం మీద తట్టి వెళ్లాడు.

ఒంటిగంటన్నరకు ఆఫీసు ఫోన్ మోగింది. ప్రతి వీడియో కిందా మేం ఇచ్చే నంబరు అదే. మిగతావాళ్లు భోజనానికి వెళ్లారు, నేనే తీశాను.

"గా అమీర్‌పేట వీడియో పెట్టింది మీరేనా అమ్మా?" అన్నాడు ఒక పెద్దాయన. వెనక బస్సు మోత వినిపిస్తోంది. "మా ఊరోళ్లు ఫోన్ల చూపెట్టిన్రు, అండ్ల ఉన్నది నా బిడ్డ. ఫోన్ జేస్తుంటే బంద్ వస్తున్నది. సిద్దిపేటల బస్సెక్కిన. ఏమైందమ్మా నా బిడ్డకు? ఉన్నదా?"

వీడియో ఆగిపోయిన తర్వాత ఏమైందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. "కనుక్కుంటానండీ, మీ నంబరు చెప్పండి, నా ఫోన్‌లోంచి మీకు రింగిస్తాను" అన్నాను.

"మా తల్లే. నీ కాళ్లు మొక్కుత, జర కనుక్కో" అన్నాడాయన.

ఎడిటర్ గదిలోకి పరుగెత్తాను. వీడియో తీసేద్దాం, కనీసం టైటిల్ అయినా మారుద్దాం అన్నాను. ఆయన స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఇప్పుడే వ్యూస్ ఎక్కుతున్నయి, ఇప్పుడు ముట్టుకోవద్దు. నువ్వు పోయి కనుక్కో. బతికే ఉన్నదంటే మంచిదే గదా, ఆ పిల్లతోనే మాట్లాడిపిచ్చి రెండో వీడియో చేద్దం."

చున్నీ సర్దుకుని మెట్లు దిగాను. ఆ బిల్డింగ్ మా ఆఫీసుకు రెండు సందుల అవతలే. ముందుగా గేటు దగ్గర నేల వైపే చూశాను. ఏమీ లేదు. ఎప్పటిలాగే కరపత్రాలు పంచేవాళ్లు, బ్యాగులతో పిల్లలు. కింద జిరాక్స్ షాపాయనను అడిగాను.

"గా పిల్లనా? ఏం కాలే మేడం" అన్నాడాయన మిషన్ మూత వేస్తూ. "కిటికీ కాడ కూసొని కాగితాలు సర్దుకుంటుంటే గాలికి సర్టిఫికెట్ ఎగిరి సజ్జ మీద వడ్డదట. వాచ్‌మన్‌ను పిలిచేలోపట తనే దిగి తీస్కున్నది. నేను మస్తు తిట్టిన. ఒరిజినల్ లేకుంటే ఇంటర్వ్యూల కూసోనియ్యరు అన్నా అని ఏడ్చింది. నా దగ్గరనే జిరాక్సులు తీయించుకొని పంజాగుట్ట పోయింది. చౌరస్తా దాటినంక అద్దాల బిల్డింగ్ అన్నది."

వెంటనే పెద్దాయనకు ఫోన్ చేశాను. "బాబాయ్ గారూ, మీ అమ్మాయి క్షేమంగా కిందికి దిగిందంట. ఇంటర్వ్యూకి వెళ్లిందంట."

"దిగిందంట అంటున్నవు. నువ్వు చూసినవా?"

"ఇంకా లేదండీ."

"చూసి చెప్పు బిడ్డా" అన్నాడు. ఫోన్ పెట్టలేదు. బస్సు మోత అలాగే వినిపిస్తూ ఉంది. చివరికి నేనే కట్ చేశాను.

ఆటో ఎక్కితే మెట్రో పనుల దగ్గర కదల్లేదు. దిగి నడిచాను, కొంత దూరం పరుగెత్తాను. ఆ ఎండలో పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎంతకీ దగ్గరకు రాలేదు. దారిలో ఫోన్ తీసి చూస్తే అదే వీడియో ఇంకో రెండు చానళ్లలో ఉంది. టైటిల్ నాదే, ఒక్క అక్షరం కూడా మార్చలేదు. ఒకరు ఆ అమ్మాయి ముఖం చుట్టూ ఎర్రటి గుండ్రం గీశారు.

అద్దాల బిల్డింగ్ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెక్క పెట్టె చూపించాడు. "ఇంటర్వ్యూకొచ్చినోళ్ల ఫోన్లన్నీ గీ పెట్టెలనే. అందరివి బంద్ చేపిచ్చి పెట్టినం. లోపటికి మీరు పోరాదు, కూసోండ్రి."

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. చానల్ పాస్‌వర్డ్ నా దగ్గర ఉంది. ఎవరినీ అడగకుండా నా ఫోన్‌లోంచే వీడియో తీసేశాను. నిమిషంలో ఎడిటర్ ఫోన్ వచ్చింది, ఎత్తలేదు. తర్వాత మెసేజ్ వచ్చింది, రేపటి నుంచి రావొద్దని. మధ్యమధ్యలో పెద్దాయన చేస్తున్నాడు. శామీర్‌పేట దాటిన అన్నాడు. జూబ్లీ బస్టాండుల దిగిన అన్నాడు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న, చూసినవా అని.

మూడు దాటాక ఒక గుంపు బయటికొచ్చింది. నీలం చుడీదార్‌లో ఆ అమ్మాయి. ముంజేయి మీద గోడ గీరుకున్న ఎర్రటి చార. వీడియోలో చూసినదానికన్నా చాలా చిన్నగా, సన్నగా ఉంది. ఎదురెళ్లి "ముందు మీ నాన్నగారికి ఫోన్ చెయ్యమ్మా" అన్నాను. ఆమె బెదిరిపోయి చేసింది. అటు నుంచి మాటలేవీ రాలేదు, ఏడుపే వచ్చింది. "ఏమైంది బాపూ? నేను మంచిగనే ఉన్న బాపూ" అంటూ ఆమె కూడా ఏడ్చింది.

ఆ తర్వాత నేనే ఆ వీడియో చూపించాను, వేరే చానల్లోది. ఆమె టైటిల్ చదివింది. మళ్లీ చదివింది.

"గిది ఎవరు రాసిన్రు అక్కా?"

"నేనే."

"రాసే ముందర వీడియో మొత్తం చూసినవా?"

"చూశాను."

"నా చేతుల కాగితం కనవడలేదా?"

చివరి రెండు సెకన్లలో ఆమె చేతిలో తెల్లగా ఏదో ఉంది. నాకు కనబడింది. ఏంటది అని ఒక్క క్షణం అనిపించింది కూడా. అదేంటో తెలిస్తే ఆ టైటిల్ నిలవదని ఎక్కడో తెలిసే, దాన్ని దాటేశాను.

"కనబడింది" అన్నాను.

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ నాకిచ్చేసి, ఫైలు ఒళ్లో పెట్టుకుని గేటు పక్క గట్టు మీద కూర్చుంది.

పెద్దాయన ఆటో దిగాడు. తెల్ల పంచె, ఒక కాలికి చెప్పు లేదు, ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. కూతురి తల, భుజాలు, చేతులు తడిమి తడిమి చూసుకున్నాడు. ఆమె నా వైపు చూపించి "ఈ అక్కనే నన్ను దేవులాడింది బాపూ" అంది. అంతే చెప్పింది. ఆయన నాకు రెండు చేతులూ జోడించాడు.

"నాకు దండం పెట్టకండి బాబాయ్ గారూ. ఆ మాటలు రాసింది నేనే" అన్నాను.

ఆయన చేతులు మెల్లగా కిందికి దిగాయి. "నువ్వా బిడ్డా" అన్నాడు. "నాకు చదువు రాదు. బస్సుల పక్క సీటాయనతోని చదివిపిచ్చుకున్న. నాలుగుసార్లు చదివిపిచ్చుకున్న. ప్రతిసారి ఇంకేమన్న రాసి ఉన్నదేమో అనుకున్న" అన్నాడు.

ఇద్దరూ బస్టాపు వైపు వెళ్లిపోయారు. ఆయన ఆమె చేయి వదలలేదు.

ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు. లోపలివాళ్లు ఆ వీడియో చూశారో లేదో మాకు ఎప్పటికీ తెలియలేదు. నేను బేగంపేటలో ఒక కాల్ సెంటర్‌లో చేరాను. సెలవు రోజుల్లో కూర్చుని, ఆ వీడియో పెట్టిన ప్రతి చానల్‌కూ జరిగింది జరిగినట్టు రాసి, తీసేయమని అడిగేదాన్ని. కొందరు తీశారు, కొందరు జవాబే ఇవ్వలేదు.

ఏడాది తర్వాత ఆమె నుంచి ఫోన్ వచ్చింది. లక్డీకాపూల్‌లో ఒక కంపెనీలో కుదిరిందట. ఆఫీసులో ఎవరో ఆ వీడియో చూపించి నవ్వారట.

"ఇంకో చానల్ల ఉన్నదక్కా. జర దాన్ని సుత తీపియ్యవా" అంది.

లింకు పంపమన్నాను. వాళ్లకు ఆరుసార్లు రాశాక తీశారు. ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేస్తే, "సరే అక్కా" అని పెట్టేసింది.