కడగని ఫోను

మిరపకాయ కల్లంలో ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒక పద్ధతి ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇల్లయితే పెద్దవాళ్ళలో ఒకరు ఆ రోజంతా కాయ ముట్టుకోకూడదు. పిల్లకి అన్నం పెట్టడం, మొహం కడగడం అన్నీ ఆ మనిషే చూడాలి. మిగిలినవాళ్ళు పిల్లని ఎత్తుకోవాలంటే ముందు చేతులకి నూనె రాసుకుని, శనగపిండితో రుద్దుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఉత్త నీళ్ళకి మిరప కారం పోదు. పోయిందనుకుని కన్ను నలుపుకుంటే అప్పుడు తెలుస్తుంది. మా అత్తగారి కాలం నుంచీ ఇది నడుస్తోంది. ఆవిడ కాలంలో ఫోన్లు లేవు.

మాది వినుకొండ దగ్గర పల్లె. నేను ఐదో తరగతితో బడి మానేశాను కానీ లెక్క మానలేదు. డ్రిప్పు పైపు ఎంత పడుతుంది, ట్యాంకుకి మందు ఎంత కలపాలి, ఎన్ని పట్టాలు పరిస్తే కాయ అంతా ఎండకి పడుతుంది, ఇలాంటివి వీధిలోవాళ్ళు నన్ను అడుగుతారు. కూర తరుగుతూనే చెప్పేస్తాను. మా ఆయనకి లెక్కలు పడవు. ఆయనకి మొక్క తెలుసు.

ఆ మనిషి ఫోనులో పడిపోయాడు. నల్ల తామర పురుగు వచ్చి పూతంతా రాలిపోయిన ఏడాది మొదలైంది. ఎవరో ఏదో కషాయం కొట్టమన్నారని ఒక వీడియో చూశాడు. అది పనిచెయ్యలేదు. ఇంకోటి చూశాడు. పురుగు వీడియోల తర్వాత ధరల వీడియోలు. ఆ తర్వాత ఏవైతేనేం, బొటనవేలు పైకి తోస్తూనే ఉండేది. అన్నం తింటూ, గేదెకి కుడితి పెడుతూ, కల్లంలో కాయ తిరగేస్తూ మధ్యలో గట్టున కూర్చుని. "ఏవండీ" అని పిలిస్తే "ఆఁ" అనేవాడు. అది నాకు చెప్పిన "ఆఁ" కాదని ఇద్దరికీ తెలుసు.

మా అమ్మాయి గుంటూరు బ్రాడీపేటలో ఓ క్లినిక్కు ల్యాబులో పనిచేస్తుంది. అల్లుడు లారీ మీద దూరాలు పోతాడు. అందుకని మూడేళ్ళు నిండని మనవరాలిని మా దగ్గర ఉంచి, ఆదివారాలు వచ్చి చూసిపోయేది. తాతకీ మనవరాలికీ స్నేహం ఫోను దగ్గరే. ఒళ్ళో కూర్చుని చూసేది. తీసేసుకుంటే వీధి చివరికి వినపడేలా ఏడ్చేది. ఇస్తే టక్కున ఆగేది.

ఆ రోజు కాయ ముట్టని వంతు నాది. మధ్యాహ్నం మా ఆయన కల్లం నుంచి వచ్చాక, పిల్లని ఆయనకి అప్పజెప్పి కుళాయికి వెళ్ళాను. నూనె, శనగపిండి, సబ్బు అన్నీ నా కళ్ళ ముందే అయ్యాయి. బిందె నిండుతుండగా ఏడుపు వినపడింది.

"మీ మనవరాలి ఫోనుకి ఛార్జింగు అయిపోయినట్టుంది పిన్నీ" అని పక్కింటి అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి రెండో బిందె పెట్టాను.

ఇంటికొచ్చేసరికి పిల్ల మంచం మీద దొర్లుతోంది. రెండు కళ్ళూ ఎర్రగా ఉబ్బి మూసుకుపోయాయి. పక్కనే ఫోను, ఇంకా ఏదో పాట పాడుతోంది.

"ఏం జరిగిందండీ?"

"తెలీట్లేదే. ఫోను కోసం ఏడుస్తుందని ఇచ్చాను. ఇస్తే ఇంకా ఎక్కువైంది. లాక్కున్నా. మళ్ళీ ఇచ్చా..."

కుండలో నీళ్ళన్నీ అయిపోయేదాకా కళ్ళు కడిగి, ఆటోలో వినుకొండ తీసుకుపోయాం. డాక్టరు మళ్ళీ కడిగి, లైటు వేసి చూశాడు. నలుపుకోవడం వల్ల నల్లగుడ్డు మీద గీత పడిందని, మానుతుందని చెప్పి చుక్కల మందు రాశాడు. "మిరప కారం. ఎవరి చెయ్యి తగిలింది?" అన్నాడు. మా ఆయన తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు.

లెక్క తేడా వస్తే నేను చివరి నుంచి మొదటికి వెళ్తాను. తిరుగు ఆటోలో అదే చేశాను. నేను కాయ ముట్టలేదు. ఆయన చేతులు కడుక్కున్నాడు. పిల్ల గడప దాటలేదు. అయితే కల్లం నుంచి ఇంట్లోకి ఏం వచ్చింది? ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, దాని అద్దం మీద నాలుక ఆనించాను. భగ్గుమంది.

పొద్దుటి నుంచీ కాయ తిరగేసిన వేలితోనే ఆయన ఆ అద్దాన్ని తోస్తూ ఉన్నాడు. చేతులు కడుక్కున్నాడు, దాన్ని కడగలేదు. పిల్ల మంటకి ఏడుస్తుంటే, రోజూ ఏడ్చే ఏడుపే అనుకుని మళ్ళీ మళ్ళీ ఆ ఫోనునే చేతికిచ్చాడు. నేను కుళాయి దగ్గర నవ్విందీ ఆ ఏడుపుకే.

కబురు చేస్తే అమ్మాయి సాయంత్రం బస్సుకి వచ్చింది. కూతురి కళ్ళు చూసింది, తండ్రి వైపు చూసింది.

"నాన్నా, నేను పిల్లని నీకిచ్చి వెళ్ళానా, ఫోనుకిచ్చి వెళ్ళానా?"

"తెలిసి చేశానా అమ్మా?"

"తెలిసి చేస్తే పోలీసులకి చెప్పేదాన్ని. తెలియకుండా చేశావు కాబట్టే భయం. రేపు ఇంకోటి తెలీదు నీకు."

మర్నాడు పొద్దున్నే పిల్ల బట్టలన్నీ సర్దుకుని తీసుకుపోయింది. గుంటూరులో వాళ్ళ పక్క వాటాలో ఉన్న ఒకావిడ చూస్తానందట. మళ్ళీ మా దగ్గర వదులుతుందో లేదో చెప్పలేదు. మేం అడగలేదు.

ఆయన ఫోను తీసి బీరువాలో పెట్టాడు. రెండో రోజుకే, రేటు చూడాలంటూ మళ్ళీ తీశాడు. నాకు ఒళ్ళు మండింది. అరవబోయి, ఆగి, వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఈ మనిషి దేనికోసం వెతుకుతున్నాడో లెక్క కట్టాలనిపించింది. చాలాసేపు చూశాం. ఒక్క వీడియో కూడా పూర్తిగా చూడలేదు. డాన్సులు, గొడవలు, వంటలు అన్నిటినీ తోసేశాడు. వేలు ఆగింది ఒక్కడి దగ్గరే. టోపీ పెట్టుకున్న కుర్రాడు, కాయ అమ్ముకోకండి, రేటు పెరుగుద్ది అని చెప్తున్నాడు.

"వీడు మనకేమవుతాడు?" అన్నాను.

"ఏమీ కాడు."

"వీడు చెప్పింది ఇంతవరకు ఎప్పుడన్నా జరిగిందా?"

"లేదు." వేలు అద్దం మీదే ఉంచి, "ఒక్కసారన్నా జరగదా అనీ" అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన సరదాకి చూస్తున్నాడనుకున్నాను. పూత రాలిన ఏడాది నుంచీ, ఈసారి బాగుంటుందని చెప్పే మనిషి కోసం వెతుకుతున్నాడు. ఈసారి బాగుంటుందన్న మాట నేనెప్పుడూ అనలేదు. నేను లెక్క చెప్పాను, ఎంత పోయిందో. నిజమే చెప్పాను. అది విని ఆయన ఎక్కడికి పోవాలి?

ఆయనే ఫోను నా చేతిలో పెట్టాడు. "నా దగ్గరుంటే ఆగనే." బటన్ ఫోను కొనుక్కున్నాడు. గుంటూరు మిర్చి యార్డుకి పోయే మా మరిది సాయంత్రం ఒక్కసారి రేటు చెప్తాడు. అంతే. చెప్పినంత తేలిగ్గా అవలేదు. చెయ్యి ఊరికే జేబు మీదికి పోయేది. మంచం పట్టె మీద బొటనవేలు దానంతటదే కదిలేది. కూలోళ్ళ మీద అరిచేవాడు. ఇక నా సంగతి. నా దగ్గరున్న ఫోనులో ఆవకాయ వీడియో ఒకటి చూద్దామని కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడింది. మూడోసారి మాడాక దాన్ని మరిదికే ఇచ్చేశాం.

కొన్ని వారాలకి ఒక ఆదివారం అమ్మాయి పిల్లని తీసుకుని వచ్చింది. సంచి భుజం మీదే ఉంది, దించలేదు. పిల్ల తాత దగ్గరికి పరిగెత్తి చెయ్యి చాపింది.

"తాతా, ఫోను."

"లేదమ్మా."

జేబు తడిమింది. బటన్ ఫోను చూసి విసిరికొట్టింది. ఇక మొదలైంది ఏడుపు, అదే ఏడుపు. మా ఆయన పిల్లని ఎత్తుకుని వాకిట్లో వెలుతురుకి తీసుకుపోయి రెండు కళ్ళూ విప్పి చూశాడు. ఎరుపు లేదు. అయినా నమ్మకం కుదరక నన్ను పిలిచి చూడమన్నాడు.

"ఏం లేదండీ. ఫోను కోసమే."

ఏడుపు ఆగలేదు. అమ్మాయి విసుగ్గా తన ఫోను తీసి చాపింది. "ఇచ్చెయ్ నాన్నా. అక్కడ ఆవిడా ఇచ్చేస్తుంది, ఇస్తేగానీ ఇది ఊరుకోదు."

"వద్దమ్మా" అన్నాడు ఆయన. "ఏడవనీ. ఎందుకేడుస్తుందో ఈసారి తెలుసు నాకు."

అమ్మాయి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆయన పిల్లని భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. గేదె దగ్గరికి తీసుకుపోయాడు, గోడ మీది తొండని చూపించాడు. వీపు మీద గుద్దుతూ ఏడ్చి ఏడ్చి, చివరికి వెక్కుతూ నిద్రపోయింది. అమ్మాయి అంతసేపూ గుమ్మంలో నిలబడి చూసింది. ఫోను సంచిలో వేసి, సంచి దించింది.

"మంగళవారం దాకా ఉంచుతాను నాన్నా. ఆ తర్వాత చూద్దాం" అంది.

ఆయన తల ఊపాడు. అమ్మాయి ఎక్కిన బస్సు వెళ్ళిపోయాక పిల్లని మంచం మీద పడుకోబెట్టి, పక్కనే కింద కూర్చున్నాడు. నేను కల్లానికి బయల్దేరుతుంటే, "ఎక్కడికీ పోకే. లేస్తే మళ్ళీ అడుగుద్ది" అన్నాడు. గొంతులో భయం దాచుకోలేదు. ఎండ దిగిపోతోంది, పట్టాల మీద కాయ తిరగెయ్యాలి. నేను వెళ్ళలేదు.